సన్‌స్క్రీన్ కంటే ముందు ఆ ట్యూబు సంగతి చూద్దాం

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 34. ఖమ్మం జిల్లాలోని ఒక పల్లెలో ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద, ముక్కు మీద మంగు వచ్చింది. పోనుపోను పై పెదవి మీద కూడా మీసంలా నల్లగా కనిపిస్తోంది. పొద్దున తొమ్మిదింటికి సర్వేకి బయలుదేరితే ఒంటిగంట దాకా ఎండలోనే తిరుగుతాను. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. పది రోజుల్లో మొహం తెల్లగా, నున్నగా అయింది. ఐదు నెలలుగా అదే రాస్తున్నాను. రెండు రోజులు మానేస్తే మొహం ఎర్రబడి మంట పుడుతుంది, మళ్లీ రాస్తే తగ్గుతుంది. ఈమధ్య రాస్తున్నా కూడా ఎండలోకి వెళ్తే కారం చల్లినట్టు ఉంటోంది. చెంపల మీద సన్నటి వెంట్రుకలు వస్తున్నాయి. మంగు మునుపటికంటే నల్లబడింది. మా అత్తమ్మ నిమ్మరసంలో పసుపు కలిపి పట్టు వేసుకోమంటోంది. ఏడు వారాల్లో మా చెల్లి పెళ్లి, ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏ సన్‌స్క్రీన్ మంచిది? మొన్న మా ఏడేళ్ల పాప నా ట్యూబు పట్టుకుని, ‘నేను కూడా రాసుకోనా అమ్మా, బడిలో నల్లపిల్ల అంటున్నారు’ అంది. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఇంకో సంగతి, మా ఆయన మిర్చి రైతు. ఆయన కింది పెదవి మీద మూడు నెలలుగా పొట్టు లేస్తూ పుండులా ఉంది. దానికి కూడా ఏదైనా పూత మందు చెప్పగలరు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది సన్‌స్క్రీన్ గురించి. కానీ ‘రెండు రోజులు మానేస్తే మంట, మళ్లీ రాస్తే తగ్గుతుంది’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఎండ ఒక్కటే అయితే చర్మం అలా ప్రవర్తించదు. మీరు ఎండ మీద వేస్తున్న నిందలో సగం ఆ ట్యూబుది.

ముందు ఆ ట్యూబు వెనక సన్న అక్షరాలతో రాసి ఉన్న మందుల పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది స్టెరాయిడ్ క్రీము. మన దగ్గర మంగుకి ఎక్కువగా అమ్ముడుపోయే రకంలో మూడు మందులు కలిపి ఉంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితో పాటు మొమెటాసోన్. చర్మ డాక్టర్లు కూడా ఈ మూడింటి కలయికను కొన్ని వారాల పాటు, కళ్లెదుట పెట్టుకుని వాడిస్తారు. చెడ్డ మందు అనను. పౌడరులా, స్నోలా నెలల తరబడి రాసుకోవలసిన మందు మాత్రం కాదు.

మొదటి పది రోజుల్లో మొహం తెల్లబడినట్టు ఎందుకు అనిపించిందో చెబుతాను. స్టెరాయిడ్ చర్మంలోని సన్న రక్తనాళాలను బిగుసుకునేలా చేస్తుంది. రక్తం తగ్గితే మొహం పాలిపోతుంది, దాన్నే మనం తెలుపు అనుకుంటాం. మంట, వాపు అణిగి నున్నగా కూడా అవుతుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడుతుంది, పైపొర కాపలా సడలిపోతుంది. మానేసిన మర్నాడు ఆ నాళాలన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. అదే మీకు పుట్టే మంట, ఎరుపు. సన్న వెంట్రుకలు, మొటిమలు, ఎర్రటి దారాల్లా కనిపించే నరాలు, ఎండ ఏమాత్రం ఓర్చుకోలేకపోవడం అన్నీ ఆ కోవలోవే. ఎండలోకి వెళ్తే కారం చల్లినట్టు ఉందన్నారు చూడండి, నా ఓపీలో ఇలా వచ్చే ఆడవాళ్లలో చాలామంది సరిగ్గా ఇదే మాట అంటారు.

ఇది మీ తప్పు కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూత మందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. అయినా కౌంటర్ మీద అడిగితే ఇచ్చేస్తున్నారు. పక్కింటావిడకి మొహం మెరిసిందని చూసి ఈవిడ, ఈవిడని చూసి ఇంకొకావిడ కొంటున్నారు. మీరు ఇల్లిల్లూ తిరిగే మనిషి కాబట్టి చెబుతున్నాను, మీ సర్వేలో ఎర్రబడిన బుగ్గలతో, మానితే మంట అనే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి గమనించండి.

ఈ రాత్రికే ట్యూబు పారేయండి అని రాయాలని నా చెయ్యి ఉబలాటపడుతోంది. కానీ ఐదు నెలలు వాడిన మొహం మీద ఉన్నపళంగా ఆపితే మంట తట్టుకోలేక మూడో రోజుకే మళ్లీ దాన్నే వెతుక్కుంటారు. చాలామంది విషయంలో జరిగేది అదే. అందుకని ఈ వారంలోనే మీ జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. ట్యూబు వెంట తీసుకెళ్లండి, పేరు నోటితో చెబితే చాలదు. ఎంత తీవ్రంగా ఉందో చూసి, వాళ్లు దాన్ని ఒకేసారి ఆపిస్తారు, లేదా తక్కువ బలమున్న దానికి మార్చి రోజు విడిచి రోజుగా తగ్గిస్తారు. మంటకు వేరే పూత మందు ఇస్తారు. ఆపిన తర్వాత కొన్ని వారాలు మొహం ఇప్పటికంటే అధ్వానంగా కనిపించవచ్చు. దానికి మనసులో సిద్ధంగా ఉండండి, అప్పుడు మళ్లీ ట్యూబు జోలికి పోరు. ఆ రోజుల్లో మొహానికి సబ్బు, ఫేస్‌వాష్, ఆవిరి, బ్లీచ్, ఫేషియల్ ఏవీ వద్దు. చన్నీళ్లతో కడుక్కుని, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రాసుకోండి. మంట మరీ ఎక్కువైతే మెత్తటి నూలు గుడ్డను చల్లటి నీళ్లలో తడిపి పది నిమిషాలు మొహం మీద కప్పుకోండి. ఐసు ముక్క మాత్రం నేరుగా పెట్టకండి.

ఇక అసలు మంగు సంగతి. మన చర్మంలో రంగు తయారుచేసే కణాలు కొందరికి బుగ్గల మీద, నుదుటి మీద, పై పెదవి మీద తొందరగా రెచ్చిపోయే స్వభావంతో ఉంటాయి. ఆ గుణం కుటుంబాల్లో వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్లు వాటిని తట్టి లేపుతాయి. తర్వాత ఎండ వాటిని మళ్లీ నిద్రపోనివ్వదు. కాన్పు అయ్యాక మంగు దానంతటదే పోయేవాళ్లూ ఉన్నారు. మీకు పోలేదంటే రోజూ నాలుగు గంటల ఎండ ఒక కారణం. ఇంకో కారణం ఉందేమో మీరే చెప్పాలి: మీరు ఊళ్లో పంచే మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు మీరూ వేసుకుంటున్నారా? వాటిలో ఉండే ఈస్ట్రోజన్ కొందరిలో మంగును పెంచుతుంది. అలాగైతే మీ అంతట మీరు మానేయకండి, మీ పీహెచ్‌సీ డాక్టర్‌తో మాట్లాడి కాపర్-టీకో, హార్మోను లేని ఛాయ మాత్రకో మారడం కుదురుతుందేమో అడగండి. దీని గురించి నేను మీకు పాఠం చెప్పనక్కర్లేదు, ఊరికి మీరే చెబుతుంటారు.

ఎండ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మీకు రేపటి నుంచే పనికొచ్చేది ఇదే. చర్మాన్ని కమిలేలా చేసేది ఎక్కువగా ఎండలో కంటికి కనిపించకుండా ఉండే యూవీ-బి కిరణాలు. మంగును పెంచడంలో, వయసుకు ముందే ముడతలు తేవడంలో యూవీ-ఎ కిరణాలకు పెద్ద వాటా ఉంది. ఇవి చర్మంలో ఇంకా లోతుకు దిగుతాయి. మామూలు కిటికీ అద్దం యూవీ-బిని దాదాపుగా ఆపేస్తుంది, యూవీ-ఎ మాత్రం చాలావరకు లోపలికి వచ్చేస్తుంది. ఎప్పుడైనా లారీ డ్రైవర్ రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చూడండి. ఏళ్ల తరబడి కిటికీ వైపు ఉన్న కుడి చెయ్యి నల్లగా, గరుకుగా, మోచేతి కింద ముడతలు తేలి ఉంటుంది. ఎడమ చెయ్యి పదేళ్లు చిన్నవాడిదిలా ఉంటుంది. మనిషి ఒక్కడే, వయసు ఒక్కటే. ఓపీలో ఎండ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ చేతులే గుర్తొస్తాయి. బస్సులో మండలానికి వెళ్లేటప్పుడు ఎండ పడని వైపు కూర్చోండి.

ఎండ ఎంత ఉందో తెలుసుకోవడానికి మీకు ఫోను అక్కర్లేదు. మీ నీడ చూసుకోండి. మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉందంటే కిరణాలు గట్టిగా ఉన్నట్టే. మన జిల్లాల్లో మధ్యాహ్నం పన్నెండు దాటిన పావుగంట అటూఇటుగా సూర్యుడు అన్నిటికంటే పైన ఉంటాడు. మే రెండో వారం ప్రాంతంలో ఆ వేళకి మీ నీడ సరిగ్గా మీ కాళ్ల కిందే ఉంటుంది. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, ఆగస్టు మొదట్లో కూడా సూర్యుడు మళ్లీ అలాగే నడినెత్తికి వస్తాడు. అప్పటికి వానలు పడి చల్లబడి ఉంటుంది కాబట్టి గొడుగు వాన వస్తేనే తెరుస్తాం. వేడి తగ్గినంత మాత్రాన ఈ కిరణాలు తగ్గవు, పల్చటి మబ్బు వాటిని పెద్దగా ఆపదు. ఎండాకాలమంతా జాగ్రత్తపడి, శ్రావణంలో మంగు పెరిగిందని వచ్చేవాళ్లు ఉన్నారు.

అందుకని సర్వేకి తొమ్మిదికి కాకుండా ఏడుకే బయలుదేరే వీలుందా? పొలాలకు వెళ్లేవాళ్లు ఇంట్లో దొరికేది కూడా ఆ వేళకే. పదిన్నర లోపు ఎండలో తిరిగే పని ముగించుకుని, రిజిస్టర్లు రాసే పని అంగన్‌వాడీలో నీడన పెట్టుకోండి. కుదరని రోజులు ఉంటాయి, పై నుంచి ఏదో ఒక డ్రైవ్ అంటారు, తెలుసు. ఆ రోజుల కోసం గొడుగు. నల్లదో, ముదురు రంగుదో తీసుకోండి, గుడ్డ దట్టంగా ఉండాలి. గొడుగు పట్టినా ఆకాశంలో పక్కల నుంచి, కింద సిమెంటు రోడ్డు నుంచి కొంత వెలుగు మొహానికి తగులుతూనే ఉంటుంది కాబట్టి చున్నీయో, కొంగో తల మీంచి బుగ్గలు కప్పేలా చుట్టుకోండి. ఆ బట్టను బల్బుకి ఎదురుగా పట్టి చూడండి. బల్బు స్పష్టంగా కనిపిస్తే కిరణాలూ అలాగే దూరతాయి. చెమటకు తడిసిన పల్చటి నూలు బట్ట ఇంకా తక్కువ ఆపుతుంది, ఒకటి సంచిలో మార్పుకి ఉంచుకోండి. మీ చేతికి వచ్చే పారితోషికం ఎంతో నాకు తెలుసమ్మా. అందుకే గొడుగు, బట్ట ముందు రాశాను. ఒకసారి కొంటే ఏళ్లు వస్తాయి.

ఇప్పుడు సన్‌స్క్రీన్. కంపెనీ పేరు నేను చెప్పను, డబ్బా మీద ఏం చూడాలో చెబుతాను. ఎస్‌పీఎఫ్, అంటే యూవీ-బి నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె, 30 గానీ 50 గానీ ఉండాలి. సరైన మోతాదులో రాస్తే 30 ఉన్నది యూవీ-బిలో సుమారు 97 శాతం, 50 ఉన్నది 98 శాతం ఆపుతాయి, తేడా అంతే. కాబట్టి 50 పేరుతో రెట్టింపు ధర పెట్టకండి. యూవీ-ఎ కోసం పీఏ అన్న అక్షరాల పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు ఉండాలి. మీ మొహం ఇప్పుడు మంటగా ఉంది కాబట్టి జింక్ ఆక్సైడ్‌తో చేసినదైతే మేలు, చురుక్కుమనడం తక్కువ. మంగు ఉన్నవాళ్లకి ఇంకో మాట: మామూలు వెలుతురు కూడా మన రంగు చర్మంలో మంగును ముదురు చేస్తుంది, మామూలు సన్‌స్క్రీన్లు దాన్ని ఆపలేవు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్లు దాన్ని కొంత ఆపుతాయి. పైగా అవి మచ్చను కాస్త కప్పుతాయి.

మోతాదు దగ్గరే అందరూ మోసపోతారు. చూపుడు వేలు, మధ్య వేలు చాపి, అడుగు నుంచి కొస దాకా ఒక్కో గీత పిండండి. ఆ రెండు గీతలూ మొహానికి, చెవులకు, మెడ ముందు భాగానికి. మొదటిసారి చూస్తే ఇంతా అనిపిస్తుంది. ఒకేసారి పట్టదు, సగం రాసి ఆరాక మిగతా సగం రాయండి. ఇంటి నుంచి బయలుదేరే పావుగంట ముందు ఒకసారి, ఎండలోనే ఉంటే రెండు గంటలకు ఇంకోసారి. ఈ లెక్కన 50 గ్రాముల ట్యూబు మూడు వారాలకు అటూఇటుగా అయిపోతుంది. నాలుగు నెలలు వచ్చింది డాక్టర్ గారూ అని గర్వంగా చెప్పేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, మీరు బఠాణీ గింజంత రాశారు, దాంతో డబ్బా మీద అంకెలో పావు వంతు రక్షణ కూడా రాదు. ప్రతి నెలా అంత కొనడం బరువైతే, చున్నీ కప్పలేని చోట్లకే, అంటే ముక్కు, బుగ్గల పైభాగం, పై పెదవికి మందంగా రాసి, మిగతాది బట్టకు వదిలేయండి.

అత్తమ్మ గారికి నెమ్మదిగా చెప్పండి, నిమ్మరసం మాత్రం వద్దు. నిమ్మరసం తగిలిన చర్మానికి ఎండ సోకితే బొబ్బలు వచ్చి, నెలల తరబడి పోని నల్ల చారలు పడతాయి. నిమ్మకాయలు పిండి ఎండలో తిరిగినవాళ్ల చేతుల మీద చారలు నేను స్వయంగా చూశాను. పల్చబడిన మీ బుగ్గల మీద అది రాయడమంటే నాకు భయమేస్తోంది. సున్నిపిండి కూడా ఇప్పుడు వద్దు, రుద్దుడు ఏదైనా మంగును పెంచేదే. మామూలు చర్మం ఉన్నప్పుడు నలుగు పెట్టుకోవడం మన సంప్రదాయం, దానితో నాకు పేచీ లేదు. అలాగే పేరు, మందుల వివరం ఏమీ లేని చిన్న డబ్బాల్లో అమ్మే ఫెయిర్‌నెస్ క్రీముల జోలికి అసలు పోవద్దు. కొన్నిట్లో పాదరసం ఉంటుంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో అలాంటివి రాసుకున్నవాళ్లకి కిడ్నీ జబ్బు వచ్చిన కేసులు బయటపడ్డాయి.

మంగుకి చికిత్స ఉంది, కానీ స్టెరాయిడ్ దెబ్బ నుంచి చర్మం తేరుకున్నాకే. అప్పుడు అజిలాయిక్ ఆసిడ్ లాంటి నెమ్మదైన పూత మందుతో మొదలుపెడతారు. అవసరమైతే హైడ్రోక్వినోన్‌ను కొన్ని వారాలకు పరిమితం చేసి ఇస్తారు. ట్రానెక్జామిక్ ఆసిడ్ మాత్రలు కూడా కొందరికి రాస్తారు. మీకు గానీ ఇంట్లోవాళ్లకి గానీ ఎప్పుడైనా కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి ఉంటే, గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. మళ్లీ గర్భం దాల్చే ఆలోచన ఉన్నా చెప్పండి, ఈ మందుల్లో కొన్ని అప్పుడు పనికిరావు. ఏది వాడినా తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మంగు పల్చబడుతుంది, అదుపులో ఉంటుంది. జాగ్రత్త వదిలేస్తే మళ్లీ వస్తుంది. బుగ్గల మీద ఎరుపుతో పాటు కీళ్ల నొప్పులు, జ్వరం, నోట్లో పుళ్లు ఏమైనా ఉంటే అది కూడా డాక్టర్‌కి చెప్పడం మర్చిపోకండి, అది వేరే జబ్బు అయ్యే అవకాశం ఉంది.

కాబట్టి చెల్లి పెళ్లి నాటికి మంగు పోతుందని నేను మాట ఇవ్వలేను. ఏడు వారాల్లో మంట, ఎరుపు కొంత సర్దుకోవచ్చు. పెళ్లికి ముందు పార్లర్‌లో బ్లీచ్ చేయిస్తామంటే ఒప్పుకోకండి. ఆ రోజు మాయిశ్చరైజర్ మీద ఫౌండేషన్ పల్చగా వేసుకుని, రాత్రికి మెత్తగా కడిగేసుకుంటే నష్టం లేదు. రెండు రోజుల ముందు కొంచెం దవడ కింద రాసి చూసుకోండి.

పాప మాట చదివి నాకూ గొంతు పట్టేసింది. ముందు ఆ ట్యూబు పాపకి అందని చోట పెట్టండి, పిల్లల చర్మం మందును ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. తర్వాత పాపని పక్కన కూర్చోబెట్టుకుని, ఇది తెల్లబడే మందు కాదు, దీనివల్ల అమ్మ మొహం మండుతోంది, అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఏడేళ్ల పిల్లకి అర్థమవుతుంది. బడిలో అన్న మాటకి టీచర్‌ని కలవండి, ఊరుకోకండి. మన నలుపులో ఉన్న మెలనిన్ అనే రంగు పదార్థం ఎండ నుంచి కాపాడేది, తెల్లతోలు వాళ్లకి ఎండవల్ల చర్మ క్యాన్సర్ మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా రావడానికి అది తక్కువ కావడం ఒక ముఖ్య కారణం. పాపకి తన రంగు గురించి మొదట తెలియాల్సిన సంగతి అది. మధ్యాహ్నం ఆటలు చెట్టు కింద ఆడుకోమనండి, అంచు ఉన్న టోపీ ఒకటి కొనివ్వండి.

మీ ఆయన పెదవికి పూత మందు చెప్పమన్నారు. చెప్పను. మన రంగు వాళ్లకి చర్మ క్యాన్సర్ తక్కువే గానీ, ఏళ్ల తరబడి పొలంలో ఎండను తిన్న కింది పెదవి వేరు. అది ఆకాశానికి ఎదురుగా ఉంటుంది. పొట్టు లేచి, మానకుండా మూడు నెలలు ఉన్న పుండుని ఫొటో చూసి కూడా ఎవరూ మందు రాయకూడదు. చాలాసార్లు అది మామూలుదే అవుతుంది, కొన్నిసార్లు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల్సి వస్తుంది. బీడీ, గుట్కా, ఖైనీ అలవాటు ఉంటే ఇంకా తొందరపడాలి. మిర్చి కోతలున్నాయి, తర్వాత చూద్దాంలే అంటారు. మీరు ట్యూబు పట్టుకుని ఓపీకి వెళ్లే రోజునే ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి, ముందు ఆయనకే చీటీ రాయించండి.